పదకొండవ జత

నాన్న ఏనాడూ గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదేమో. కోపం వస్తే మాట మానేసేవాడు, అంతే. అమ్మతో ఒకసారి ఏడు నెలలు. "అమ్మని ఉప్పు అందించమను" అని చిన్న వకుళతో చెప్పించేవాడు. అమ్మ పక్క పీట మీదే కూర్చుని ఉండేది.

వకుళ కళ్ళు తెర మీదే ఉన్నాయి. అది రెండువేల తొంభై ఆరు. భీమిలి తీరంలోని ప్రయోగశాలలో, ఆమె చర్మకణం నుంచి పెంచిన అండ మాతృకణం, అండంగా మారబోయే కణం, తెర నిండా వెలుగుతోంది. అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమూ, నాన్న నుంచి వచ్చిన క్రోమోజోమూ జతగా ఆనుకుని ఉన్నాయి. విడిపోయే ముందు అవి ముక్కలు మార్చుకుంటాయి. ఎక్కడ మార్చుకోవాలన్నది ఇన్నాళ్లూ ప్రకృతి ఇష్టం. వకుళ కనిపెట్టిన 'వినిమయ సూచి' ఆ చోటును లేజర్‌తో నిర్ణయిస్తుంది.

నాన్న మౌనం ఈ పదకొండవ జతలో ఎక్కడో ఉందని ఆమె నమ్మకం. ఏ జన్యువుకూ ఆ పేరు లేదు. అయినా తనకు పుట్టే బిడ్డకది రాకూడదు. అందుకే నాన్న వైపుది వీలైనంత తక్కువ కలిసేలా చిట్టచివర గోరంత ముక్కనే మార్పించింది. ముక్కలు మారిన చోట పడే ముడి అంత చివర నిలవలేదు. జత సరిగ్గా విడిపోక పదకొండు కణాలు పాడయ్యాయి. ఇది పన్నెండోది. చట్టం ఒప్పుకునేది పన్నెండే. ఇదీ పోతే ఆమెకు బిడ్డ లేదు.

"యంత్రమ్మా," అన్నాడు పక్క కుర్చీలోని సహచరుడు రసూల్, బల్ల మీది మాట్లాడే యంత్రంతో, "ముడి మధ్యలో వేస్తేనే పట్టుంటుందని మేడంగారికి చెప్పవే తల్లీ."

"వకుళగారూ, ముడి మధ్యలో..."

"విన్నాను. ఆయన పని ఆయన్ని చూసుకోమను."

"రసూల్‌గారూ, మీ పని..."

"వినబడింది, నాకేం చెవుడా? సోమవారం ఈ ముక్క అన్నానని నాలుగు రోజులు! మా అత్తగారైనా పూటకి మించి అలగదు."

"వకుళగారూ," అంది యంత్రం అదే నెమ్మది గొంతుతో, "నాలుగు రోజుల్లో మీ ఇద్దరి మధ్య నూటపదహారు మాటలు మోశాను. ఇంకా మొయ్యమంటారా?"

వకుళ పక్కకి చూసింది. ఆమె మోచేతికీ అతని మోచేతికీ మధ్య జానెడు దూరం. ఇన్నాళ్లూ తెర మీద వెతుకుతున్న నాన్న మౌనం తన కుర్చీలోనే కూర్చుని ఉంది. దానికి లేజర్ తగలదు.

సూచి మీద నుంచి చెయ్యి తీసింది. కుర్చీ తిప్పింది.

"రసూల్‌గారూ," అంది, "మధ్యలో అంటే ఎక్కడో చూపించండి."