విరాజ్ హీరో కాదు

“వాడు హీరో కాదు, దగుల్బాజీ!” అంది రజని, బాదంపాల గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి.

బందరు కోనేరు సెంటర్లో ఆ కూల్‌డ్రింక్ షాపు ఆదివారం సాయంత్రాలు ఈ నలుగురిదీ. రజని, ఆమెతో డిగ్రీ చదివిన భార్గవి, శ్యాంబాబు, ఈ మధ్యే శ్యాంబాబు వెంటబెట్టుకొచ్చిన ధనుంజయ్. ధనుంజయ్‌ది చల్లపల్లి, బ్యాంకు ఉద్యోగం. మాట తక్కువ, నవ్వు బాగుంటుంది. ఆ నవ్వును పట్టించుకోనట్టు నటించడంలో రజని ఇప్పటికే ఆరితేరిపోయింది.

గొడవంతా ‘తొమ్మిదో నంబరు గోదాము’ గురించి. కుర్రకారంతా ఎగబడి చదువుతున్న క్రైం నవల. అందులో ఇన్‌స్పెక్టర్ విరాజ్, హంతకుడి చెల్లెల్ని ప్రేమిస్తున్నట్టు నటిస్తాడు. ఆ పిల్ల నమ్మి, అన్న దాక్కున్న చోటు చెప్పేస్తుంది. చివరి పేజీలో అన్నకి సంకెళ్లు, విరాజ్‌కి మెడల్.

“హంతకుణ్ణి పట్టుకున్నాడు కదే! ఎలా పట్టుకుంటే ఏంటి?” అంది భార్గవి.

“ఎలా అన్నదే కదా అసలు సంగతి! ఆ పిల్ల చేసిన తప్పేంటి? వాడి మాట నమ్మడమేగా!”

“ట్విస్ట్ చూడు తల్లీ, ట్విస్ట్!” శ్యాంబాబు చేతులు జోడించాడు. “ఊరంతా మెచ్చుకుంటుంటే నీ ఒక్కదానికే నచ్చలేదా?”

“ఊరంతా మెచ్చుకుంటే నేనూ మెచ్చుకోవాలా? మెచ్చుకోను. ఏం చేస్తావ్?”

ఏం చేస్తాడు పాపం! రజనితో వాదించి గెలిచినవాళ్లు ఆమె సొంతూరు పెడనలోనే లేరు, ఇక బందరులో ఎక్కణ్ణుంచి వస్తారు?

ధనుంజయ్ గొంతు సవరించుకున్నాడు. “విరాజ్‌కి మధ్యలో ఎక్కడో నిజంగానే ప్రేమ పుట్టి ఉండొచ్చు కదండీ.”

“పుడితే ఆ రోజే నిజం చెప్పాలి. చెప్పలేదంటే అది ప్రేమ కాదు, డ్యూటీ.”

అతని ముఖంలో నవ్వు మాయమైంది. మిగతా బాదంపాలు తాగనేలేదు.

ధనుంజయ్, రజని బస్టాండుకి నడుస్తుంటే చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఒకటే, అదీ రజనిది. అతనికి సగం కన్నా తక్కువే ఇచ్చింది.

“రజని గారూ, ఆ విరాజ్‌ని నేనేనండీ,” అన్నాడు ఉన్నట్టుండి.

“ఏంటీ?”

“మీ సంబంధం మా ఇంటికొచ్చింది. మీ నాన్నగారు మీకింకా చెప్పి ఉండరు. పెళ్లిచూపులకి ముందు పిల్ల గురించి ఆరా తీయడం మావాళ్ల అలవాటు. శ్యాంబాబు నాకు తెలుసు కాబట్టి, అమ్మ నన్నే వెళ్లి చూసి రమ్మంది.”

అంత వానలోనూ రజని చెవులు వేడెక్కాయి. “ఇన్ని ఆదివారాలూ నన్ను పరీక్ష చేస్తున్నారా?”

“మొదటి ఆదివారం ఆరాకే వచ్చాను. తర్వాత వచ్చినవన్నీ మీ కోసమే.”

“అయితే రెండో ఆదివారమే చెప్పొచ్చుగా!”

“మీరు మాట్లాడ్డం మానేస్తారని భయమేసింది.”

“ఇప్పుడు మానేశాను,” అని గొడుగు మూసి, బస్సెక్కేసింది. అతను తడుస్తూ నిలబడిపోయాడు. బస్సు కదిలాక ఆమెకు ఏడుపొచ్చింది. ఎవడో అయితే తిట్టి వదిలేసేది. మనసుకి నచ్చినవాడే దొంగచాటుగా తూకం వేశాడు, అదీ బాధ.

మర్నాడు భార్గవి ఫోన్. “ఆరా అందరూ తీస్తారే. నవల మీద కోపం ఆ అబ్బాయి మీద చూపిస్తున్నావ్.”

“నవల్లో తప్పయింది బయట ఒప్పెలా అవుతుందే? అందరూ చేస్తే మాత్రం?”

“అయితే సంబంధం వదిలేస్తావా?”

రజనికి వదులుకోవాలని లేదు. ఏమీ తెలియనట్టు ముస్తాబై కాఫీ కప్పులు అందించాలనీ లేదు. ఫోన్ పెట్టేసి నేరుగా షెడ్డులోకి వెళ్లింది. తండ్రి బ్రహ్మయ్య బల్ల మీద పరిచిన గుడ్డకి కలంకారీ అచ్చులు వేస్తున్నాడు.

“నాన్నా, చల్లపల్లివాళ్లు మనింటికి రావక్కర్లేదు. మనమే వెళ్దాం.”

బ్రహ్మయ్య అచ్చు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. “పిల్లనిచ్చేవాళ్లం మనం ముందెళ్లడమేంటే, నవ్విపోతారు!”

“వాళ్లెప్పుడో వచ్చి చూసుకెళ్లారు. ఇప్పుడు మన వంతు.”

సంగతంతా విన్నాడు. అచ్చు పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నాడు. “పద,” అన్నాడు.

ఆ సాయంత్రం చల్లపల్లిలో తలుపు తీసిన ధనుంజయ్ తల్లి నాగమల్లేశ్వరి, లోపలికి రమ్మనడం కూడా మర్చిపోయింది. వెనక ధనుంజయ్ సంగతి సరేసరి.

రజని కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చుంది. “నా గురించి తెలుసుకోవాలనుకున్నవి నన్నే అడగండి. దాచకుండా చెప్తాను.”

ఆవిడ కొంగు సర్దుకుంది. “నోరెక్కువని విన్నాను.”

“నిజమేనండీ.”

“వంట?”

“పప్పు చేస్తాను. చేపల పులుసు మా నాన్న చేస్తారు.”

“కోపం?”

“మీ ఎదురుగానే ఉంది కదండీ.”

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. కాసేపటికి గొంతు తగ్గించి అంది: “మావాడు నిజం చెప్పేస్తానని ఎప్పుడో పోరుపెట్టాడమ్మా. పెళ్లిచూపులదాకా నోరెత్తొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. మా పెద్దాడి సంబంధంలో మోసపోయాం, ఆ భయం నాది.”

రజని ధనుంజయ్ వైపు తిరిగింది. “నిన్న ఈ మాట చెప్పలేదేం?”

“అమ్మ మీదకి తోసేసినట్టుంటుందని. దాచింది నేనే కదండీ. మీ మాట విన్నాక ఒట్టు తీసి గట్టున పెట్టేశాను.”

రజని కోపం సగం అక్కడే కరిగిపోయింది. మిగతా సగం మాత్రం అట్టిపెట్టుకుంది.

“ఇంతకీ మావాడు నచ్చాడా తల్లీ?” అడిగింది నాగమల్లేశ్వరి.

బ్రహ్మయ్య దగ్గాడు. అలాంటివి పెద్దవాళ్లు తర్వాత కబురు చేస్తారని అర్థం. రజని వినిపించుకోలేదు.

“నచ్చారండీ. నచ్చకపోతే ఇంతదూరం వచ్చి పోట్లాడేదాన్నే కాదు. కానీ మీరు ఆరా తీశారు, నేనూ తీయాలి. వచ్చే ఆదివారం నుంచి మీ అబ్బాయి పెడన రావాలి. చాటుగా కాదు, మా వీధంతా చూస్తుండగా.”

“ఎన్ని ఆదివారాలండీ?” అడిగాడు ధనుంజయ్.

“నా ఇష్టం.”

నాగమల్లేశ్వరి పకపకా నవ్వి, లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. రజని లేచి నిలబడింది గానీ తల వంచలేదు. ఆవిడే మునివేళ్ల మీద లేచి, కోడలికి బొట్టు పెట్టింది.