మనం కాదు, మేము

పిల్లలూ, ‘మనం’ అనడానికీ ‘మేము’ అనడానికీ తేడా ఏమిటో చెప్పండి చూద్దాం?

“రెండూ ఒకటేగా అమ్మమ్మా!”

ఒకటేనా? మరి నిన్న మీ అన్నయ్య “మేము సినిమాకి వెళ్తున్నాం” అనగానే నీ మూతి మూడు వంకర్లు ఎందుకు తిరిగిందే? అదీ తేడా. ‘మనం’లో వినేవాళ్లూ ఉంటారు. ‘మేము’ అన్నామా, వినేవాళ్లు గడప అవతలే. ఇది గుర్తుపెట్టుకుని కథ వినండి.

ఒక తల్లీ, ఇద్దరు కూతుళ్లూ కలిసి డీటీపీ ఆఫీసు నడిపేవాళ్లు. ఎవరి పుస్తకమైనా తప్పుల్లేకుండా టైపు చేసిచ్చేవాళ్లు. ఒకసారి అక్క పని మీద మూడు నెలలు పొరుగూరు వెళ్లింది. తల్లి జబ్బుపడిందన్న సంగతి ఆమెకి తెలిసేసరికి అంతా అయిపోయింది.

“ఆఖరి వారం అమ్మ నా గురించి అడిగిందా?”

ఎన్నిసార్లు అడిగినా చెల్లెలిది ఒకటే జవాబు. “మాటే లేదక్కా. మగతలోనే పోయింది.”

కానీ తల్లికి ఒక అలవాటుంది. వేళ్లు నొప్పెడితే పేజీలు పైకి చదివి రికార్డు చేసేది. చిన్నది విని టైపు కొట్టేది. ఆ రికార్డులన్నీ చెల్లెలి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట “పెద్దది ఎలా ఉందో” అన్న మాట వినబడకపోతుందా అని అక్క ఆశ. ఆ ఒక్క మాట చాలు ఆమెకి.

ఆఫీసు ఖాళీ చేసే రోజు వచ్చింది. సాయంత్రం నాలుగు. బయట కుండపోత వాన. కరెంటు పోయింది. తల్లి కంప్యూటరుకి తీగలన్నీ పీకేసి, లోపలి గదిలో దుప్పటి కప్పి పెట్టారు.

“అమ్మ రికార్డులు నాకు ఎక్కించివ్వాలి, పెన్‌డ్రైవ్ ఏదే?”

“ఏ అట్టపెట్టెలో పడిందో! అన్నిటికీ టేపు వేసేశాం కదక్కా.”

“సరే, రెండు ల్యాప్‌టాప్‌లూ నేరుగా కలుపుదాం.”

అదెలాగంటారా? ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక కంప్యూటరు తన చుట్టూ చిన్న వైర్‌లెస్ నెట్‌వర్క్ కట్టుకుని దానికో పేరు పెడుతుంది. రెండోది ఆ పేరు వెతికి పట్టుకుని, పాస్‌వర్డ్ చెప్పి లోపలికొస్తుంది. తలుపు తట్టి “నేనే” అన్నట్టే.

అక్క పెట్టిన పేరు, ‘మనం’.

చెల్లెలు ల్యాప్‌టాప్ తీసుకుని “ఆ గదిలో వెలుతురుందక్కా” అంటూ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

“కలిసిందా?”

“ఆఁ, కలిసింది.”

అక్క తెర చూసింది. ‘మనం’లో ఎవరూ లేరు.

“కలవలేదే!”

“కలిసిందక్కా... కాస్త ఓపిక పట్టు.”

అప్పుడు కనిపించింది, జాబితాలో ఇంకో నెట్‌వర్క్. పేరు ‘మేము’.

తలుపు కింద నుంచి సన్నగా వాసన వచ్చింది. తల్లి వేళ్లకి రాసుకునే నొప్పుల మందు వాసన.

అక్క ‘మేము’ మీద నొక్కింది. పాస్‌వర్డ్ అడిగింది. తల్లి అన్నిటికీ వాడే పాస్‌వర్డే కొట్టింది. తెరుచుకుంది. లోపల రెండు కంప్యూటర్లు. ఒకటి ‘చిన్నది’. రెండోది... ‘అమ్మ’.

తీగల్లేని కంప్యూటరు. కరెంటు లేని ఆఫీసు.

‘అమ్మ’లో ఒక్కటే రికార్డు. తేదీ, ఇవాళ్టిది. నిడివి ఇంకా పెరుగుతోంది... అక్క ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుంది.

“పెద్దదానికి చెప్పకే.”

“చెప్పనమ్మా.”

“అడుగుతుంది.”

“మగతలో పోయావన్నాను. నమ్మింది.”

చిన్న నవ్వు. ఇద్దరిదీ. ఒక చెవిలో ఇయర్‌ఫోను నుంచి... రెండో చెవిలో తలుపు వెనక నుంచి.

భయం కన్నా ముందు కడుపు మండింది ఆమెకి. ల్యాప్‌టాప్ చంకనపెట్టుకుని తలుపు తోసింది. చెల్లెలు ఒక్కతే ఉంది, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో. అక్క వెళ్లి కంప్యూటరుకి కప్పిన దుప్పటి మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

“అమ్మ నాకేం చెప్పొద్దంది?”

చెల్లెలు ఒళ్లోని ల్యాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుంది. మెల్లగా గొణిగింది.

“ఆ వారమంతా బాగానే మాట్లాడిందక్కా. నువ్వు చూస్తే తట్టుకోలేవని... చెప్పొద్దని మేము అనుకున్నాం. నువ్వు చేసిన ఫోను మోగుతుంటే, ఎత్తకుండా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చునేవాళ్లం.”

“మేము అనుకున్నాం.” ఆ మాట సూదిలా దిగింది. చచ్చిపోయినావిడ మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో తెలియక అక్క దుప్పటి మీది చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఇయర్‌ఫోను ఇంకా చెవిలోనే ఉంది. రికార్డు ఇంకా నడుస్తోంది.

“చెప్పకే,” అంది తల్లి.

“చెప్పను,” అంది చెల్లెలు. ఎదురుగా ఉన్న చెల్లెలి పెదవులు కదల్లేదు.

తర్వాత మూడో గొంతు, నవ్వు ఆపుకుంటూ...

“నేనూ చెప్పను.”

అక్క గొంతు. తన గొంతే.

మరి అక్క కూడా ‘మేము’లోనే ఉంటే, గడప అవతల నించుని వింటున్నది ఎవరర్రా?... ఊఁ? ఆలోచిస్తూ ఉండండి. బట్టలు సగం మడతపెట్టి మంచం మీదే వదిలేశాను, అవి పూర్తి చేసి వస్తాను.