బొమ్మ రాని క్లిప్

పరుగు!

కృష్ణానగర్ గల్లీలో హిమజ పరుగెడుతోంది. ఒక కాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనక బూట్ల చప్పుడు... ఇద్దరు!

పరుగులోనే కొప్పు తడుముకుంటుంది.

ఉంది! వేలిగోరంత మెమరీ కార్డు.

ఇందాకే యూసుఫ్‌గూడలో లైట్‌మ్యాన్ బాలనర్సయ్య దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"మీ ఆయన పడ్డనాడు నేను సెల్లుల తీసిన బిడ్డా. భయానికి ఇన్నొద్దులు దాచిన. పొద్దుగాల ఫైట్ మాస్టర్ వీరయ్య మనుషులొచ్చి సెల్లు పలగ్గొట్టిండ్రు. కార్డు అంతకుముందే తీసిపెట్టిన."

"తాడు వదిలింది ఎవరు బాబాయ్?"

"అండ్ల ఉన్నది. నా నోటితోని చెప్పలేను."

అంతలోనే వాళ్ళొచ్చారు. ఆయన ఒక దిక్కు... ఈమె ఒక దిక్కు!

ముందు గోడ. గల్లీ అయిపోయింది!

పక్క సందులోంచి బైకు. కీచుమని బ్రేకు.

"అక్కా! ఎక్కు!"

చింటు! తమ్ముడు. అమ్మ పోయాక బోరబండ గుట్ట మీద ఆమె చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఇటు వస్తున్నట్లు ఆమె చెప్పింది వాడొక్కడికే.

బైక్ ఎగిరింది. బూట్ల చప్పుడు వెనకబడింది.

"ఏడికక్కా?"

"ఫిలింనగర్. ఎడిట్ సూట్‌కి పోనియ్."

తమ్ముడి వీపుకి తల ఆనించి హిమజ కళ్ళు మూసుకుంటుంది. ఈ లోకంలో ఆమెకి మిగిలింది ఈ వీపొక్కటే.

* * *

మూడో అంతస్తు. చిన్న గది. హిమజ ఇక్కడ అసిస్టెంట్ ఎడిటర్. ఎడిటర్ గారు ఊళ్ళో లేరు. తాళం ఆమె దగ్గరే ఉంది.

కిటికీలోంచి దూరంగా మాదాపూర్ అద్దాల మేడలు. లోపల వేల దీపాలు. ఊరంతా కంప్యూటర్ల మీదే బతుకుతోంది. హిమజకి కావలసింది ఒక్క కంప్యూటర్... ఒక్క ఫైలు.

కార్డు రీడర్‌లో పెట్టింది. క్లిప్ కనిపించింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగింది.

టంగ్!

ఎర్రర్. ఫైల్ ఇంపోర్ట్ కాదు!

"కార్డు మీంచి తీస్కుంటలేదేమో..." క్లిప్‌ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి మళ్ళీ లాగింది.

టంగ్!

ఫైలు పేరు చివర మార్చింది. అది పిచ్చి పని అని తెలుసు. అయినా చేసింది.

టంగ్!

"పాడైనట్లుందక్కా," అన్నాడు చింటు గుమ్మంలోంచి. "ఇడిసిపెట్టు. ఇంటికి పోదాం."

"నీకు తెల్వదు. జర ఆగు."

మామూలు ప్లేయర్‌లో వేసింది. తెరంతా పచ్చని గళ్ళు. బొమ్మ లేదు...

కానీ మాట వచ్చింది!

"నా పానం నీ చేతులనే ఉన్నది. పైలం!"

శ్రీకాంత్!

ఆ నవ్వు. మాట చివర వచ్చే ఆ చిన్న దగ్గు. మూడు నెలలైంది విని.

హిమజ స్పీకర్ మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. చెంపలా ఉంది. ఇంకోసారి వేసింది. ఇంకోసారి...

"నా పానం నీ చేతులనే ఉన్నది. పైలం!"

ఎవరితో అన్నావయ్యా ఆ మాట? ఎవరితో?

ఆమె భర్త శ్రీకాంత్ సినిమాల్లో డూప్. హీరోలు దూకాల్సిన చోటల్లా తను దూకేవాడు. ఫైట్ మాస్టర్ వీరయ్య వాడిన పాత తాడు తెగి ఒక ఫైటర్ చచ్చిపోతే, కోర్టులో సాక్ష్యం చెప్తానన్నాడు. సాక్ష్యానికి ముందే షూటింగ్‌లో పైనుంచి పడ్డాడు.

తాగి హుక్కు పెట్టుకోలేదన్నారు. యూనిట్ అంతా అదే మాట!

చుక్క ముట్టని మనిషిని...

పైకెళ్ళే డూప్ తన వాచీ విప్పి, తాడు పట్టేవాడి చేతికి కడతాడు. కిందికి దిగాక తిరిగి తీసుకుంటాడు. ఫైటర్లకి అది దేవుడి మీద ఒట్టు కంటే పెద్దది.

ఆ వాచీ ఇప్పుడు హిమజ చేతికే ఉంది. తెగిన పట్టాకి ఆమె చుట్టిన ఎర్ర దారం అలాగే ఉంది. "దవాఖానల ఇచ్చిండ్రక్కా," అని చింటు తెచ్చిచ్చాడు. రోజూ బావతో షూటింగ్‌కి పోయే వాడు, ఆ రోజు జ్వరమొచ్చి పోలేదట. బావ చివరి చూపు దక్కలేదని గోడకి తల బాదుకున్నాడు.

"అక్కా, నేను కింద చూసొస్తా. ఎవరన్నా వస్తరేమో."

"పో తమ్మీ. పైలం."

చింటు దిగిపోయాడు. హిమజ డ్రాయర్లన్నీ లాగేస్తోంది. ఫోన్ బొమ్మని పిండి పిండి చిన్న మూటగా కడుతుంది. ఆ మూట విప్పే కోడెక్ ఈ కంప్యూటర్‌లో లేదు. అందుకే గళ్ళు!

సీడీ... కోడెక్‌ల సీడీ ఎక్కడ?

దొరికింది!

ఇన్‌స్టాల్. రీస్టార్ట్. క్లిప్‌ని మామూలు వీడియోగా మార్చమని నొక్కింది. గీత కదిలింది... పావు... సగం...

ఠప్!

చీకటి!

కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంటోంది. మానిటర్ మాత్రం వెలుగుతోంది. గీత పాకుతూనే ఉంది.

కిటికీలోంచి చూసింది. ఎదురు బిల్డింగ్‌లో లైట్లున్నాయి!

మెయిన్ ఎవరో ఆపేశారు... కింద చింటు ఒక్కడే ఉన్నాడు!

"చింటూ!"

మెట్ల మీద అడుగులు. తలుపు తోసుకుని చింటు. ఒళ్ళంతా చెమట.

"బంద్ చెయ్యక్కా! నీ కాళ్ళు మొక్కుతా... బంద్ చెయ్!"

గీత నిండింది. ఫైలుని లోపలికి లాగింది. ఈసారి టంగుమనలేదు.

బొమ్మ వచ్చింది!

మసక బొమ్మ. శ్రీకాంత్ నవ్వుతున్నాడు. వాచీ విప్పుతున్నాడు. ఎదురుగా వీపు తిప్పి ఒక మనిషి. ఆ మనిషి మణికట్టుకి కడుతున్నాడు. ఎర్ర దారం... ఒక చుక్కలా.

"నా పానం నీ చేతులనే ఉన్నది. పైలం!"

వెనక వీరయ్య తల ఊపాడు.

ఆ మనిషి ఇటు తిరిగాడు.

హిమజ తెర వైపు చూస్తోంది. వెనక్కి తిరగలేకపోతోంది. తెర మీది ముఖమే తన వెనక నిలబడి ఏడుస్తోంది.

"తాడు ఇడిస్తే కాలు ఇరుగుతదన్నడక్కా వీరయ్య... గంతే అన్నడు! కోర్టు అయ్యేదాంక దవాఖానల ఉంటడన్నడు. నాకు ఫైటర్ల యూనియన్ కార్డు ఇప్పిస్తనన్నడు. బావ సస్తడని నాకు తెల్వదు. అమ్మ తోడు... తెల్వదు!"

"మీ బావ నీ కోసం ఎదురుచూసేటోడు రా..." అంది హిమజ తెర వైపే చూస్తూ. "నువ్వు రాంది ముద్ద ముట్టేటోడు గాదు."

"కొట్టక్కా. నన్ను సంపు."

మెట్ల మీద ఇంకెవరివో అడుగులు. బరువైన అడుగులు!

చింటు ముఖం తెల్లబోయింది.

"నేనే ఫోన్ చేసిన... నువ్వు చూడకముందే కార్డు తీస్కపోతడనుకున్న... నిన్ను ముట్టనని చెప్పిండు..."

గుమ్మంలో వీరయ్య. చేతిలో రివాల్వర్!

"ఏమ్మా, సినిమా చూసేశావా? చూడకపోతే బతికేదానివి." తుపాకీ ఆమె వైపు తిరిగింది. "తప్పుకోరా చింటూ."

చింటు కదలడు. నేల చూస్తున్నాడు.

హిమజ లేచింది. చేతి వాచీ విప్పింది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు గుట్ట ఎక్కేటప్పుడు పట్టుకున్నట్లే. మణికట్టుకి కట్టింది.

"నా పానం నీ చేతులనే ఉన్నది తమ్మీ. పైలం."

"ఏంటే ఈ నాటకం?" వీరయ్య వేలు బిగిసింది...

చింటు దూకాడు!

ఢాం!

ఇద్దరూ నేల మీద. రివాల్వర్ బల్ల కిందికి జారిపోయింది. వీరయ్య తంతున్నాడు, గుద్దుతున్నాడు. చింటు రెండు చేతులూ ఆ నడుముకి చుట్టుకుపోయాయి. ఊడటం లేదు!

"వదలరా! వదులు!"

ఈసారి వదల్లేదు.

తుపాకీ చప్పుడుకి ఎదురు బిల్డింగ్ డబ్బింగ్ థియేటర్ నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. వీరయ్యని పట్టుకుని నలుగురు పీకితే గాని ఆ చేతులు విడిపోలేదు.

హిమజ తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. వాడి చొక్కా నెత్తురుతో తడిసిపోతోంది. యూపీఎస్ కీచుకీచు. తెర మీద శ్రీకాంత్ నవ్వు ఆగిపోయి ఉంది.

చింటు మణికట్టు పైకెత్తాడు.

"దిగినవు గదక్కా..." పెదవులు కదిలాయి. "నీ వాచీ... తీస్కో..."

"లేదు! నేనింకా దిగలే!" ఆ వాచీ మీద రెండు చేతులూ బిగించి హిమజ అరుస్తోంది. "దిగలేరా తమ్మీ... పైన్నే ఉన్న! పట్టుకో... వదలకు!"