మెల్లగా పొమ్మన్న సాక్షి

ఆ తరైపాలం మీద బండి నిదానించగూడదు. తిరుత్తణి పక్క బండ్లు తోలే వాళ్ళందరికీ ఆ కాలంలో తెలిసిన మాట అది.

పెద్ద రోడ్డు కాదు. పల్లెల్లోనుంచి చుట్టు తిరిగి తిరువళ్ళూరికి పొయ్యే చిన్న రోడ్డు. మధ్యలో ఏరు అడ్డం వస్తుంది. ఏటి ఇసకకు ఆనించి, ఎత్తు లేకుండా, పక్కన గోడ కూడా లేకుండా వేసిన రాతి దారి — దాన్నే తరైపాలం అంటారు. పగలు దాని మీద గొర్రెలు పడుకుంటాయి. పొద్దు గూకితే మాత్రం... గొర్రెల్ని గూడా ఆ పక్కకు తోలరు.

అక్కడ ఎవురో ఎక్కుతారని చెప్పేవాళ్ళు. చెయ్యెత్తి ఆపరు. కేకెయ్యరు. బండి నిదానిస్తే చాలు — ఎక్కుతారు. ఆడమనిషో మగమనిషో ఎవురికీ తెలీదు. తిరిగి చూసే ధైర్యం ఎవురికీ రాలేదు. లోకనాథం అనే లారీ డ్రైవరు ఒకసారి అక్కడ గేరు మార్చేదానికి నిదానించినాడంట. ఇంటికొచ్చి పడుకున్నవాడు మళ్ళీ స్టీరింగు పట్టలేదు. ఏమైందని అడిగితే, “పక్కన కూచున్నారు” అని మాత్రం అనేవాడంట.

అందుకని చీకటి పడినాక ఆ ఏరు దాటే వాళ్ళంతా యాక్సిలేటరు బలంగా తొక్కి దాటేవాళ్ళు.

మా అలమేలక్క మొగుడు ధనకోటి బావ కూడా అంతే. ఎనభై రెండు, మూడు ప్రాంతంలో జరిగిన సంగతి ఇది. నాకు అక్కే చెప్పింది.

బావ పాల వ్యాను తోలేవాడు. సాయంత్రం పల్లెల్లో పాలు ఎత్తుకొని, క్యాన్లతో తిరువళ్ళూరు చేర్చాల. ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి. అందుకని ఆయన తోలేది ఎప్పుడూ బిర్రుగానే. వేగంగా తోలినాడని అప్పటికే రెండు సార్లు కేసు పడి, లైసెన్సులో ఎక్కించి ఉన్నారు. ఇంకొకటి ఎక్కితే లైసెన్సే లేకుండా పోతుందని ఆర్టీవో ఆఫీసులో చెప్పి పంపినారు. లైసెన్సు పోతే ఆయనకు వేరే పని తెలీదు.

అయిప్పసి మాసం, దీపావళి వచ్చే నెల. పై ఊళ్ళల్లో వానలు. ఆ సాయంత్రం ఆయన తరైపాలం చేరేసరికి చీకటి పడింది... పాలం మీద నీళ్ళు పారతా ఉండాయి. ఎక్కువ లేవు, చీలమండ మునిగేంత. కానీ దారి అంచు కనపళ్ళేదు. వేగంగా పోతే చక్రం జారి ఏట్లో పడాల్సిందే.

నిదానించక తప్పలేదు.

ఫస్టు గేరులో, ఊపిరి బిగబట్టుకొని, నీళ్ళల్లోకి దింపినాడు. లైటు వెలుగులో నీళ్ళు ఎర్రగా కదులుతా ఉండాయి. వెనక క్యాన్లు కూడా చప్పుడు చెయ్యడం లేదు. సగం దూరం పోయినాడు...

వ్యాను ఎడమ పక్కకు కొంచెం వంగింది.

మనిషి కాలు మోపి ఎక్కితే ఎట్ల వంగుతుందో — అట్లనే. తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్న చప్పుడు కూడా లేదు. ఆ తర్వాత, పక్క సీటు స్ప్రింగు కిర్రుమనింది. బురద వాసన... ఏట్లో నానిన గుడ్డల వాసన. ఎడమ చెయ్యి మీద వెంట్రుకలు నిలబడినాయి.

బావ తిరిగి చూళ్ళేదు. మెడ ఆ పక్కకు తిరగలేదు అన్నాడంట అక్కతో.

చక్రాలు గట్టు తగలగానే తొక్కినాడు. ఉన్న బలమంతా పెట్టి తొక్కినాడు. గుంతలని చూళ్ళేదు, మలుపని చూళ్ళేదు. పాలు క్యాన్లలోనుంచి చిందిపోతా ఉండాయి. ఎంత వేగంగా పోయినా ఆ వాసన పక్కనే ఉండాది...

గట్టు మలుపులో ఒక టార్చిలైటు వెలిగింది.

పోలీసు. బండి ఆపినాడు బావ. పోలీసును చూసి అంత సంతోషం ఆయనకు ఎప్పుడూ కలగలేదు. ఆ స్టేషనుకు కొత్తగా వచ్చిన ఏట్టయ్య, అంటే హెడ్డు కానిస్టేబులు ఆయన, పేరు నాగలింగం. తిరునల్వేలి పక్కనుంచి మార్చి వేసినారు. ఆ మలుపులో ఇంత వేగంగా రావచ్చునా అని అడిగి, లైసెన్సు చూసి, కేసు రాసుకున్నాడు. బావ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. యాడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టినాడు.

తిరువళ్ళూరులో పాలు దించేటప్పుడు, వెలుతురులో, ధైర్యం తెచ్చుకొని పక్క సీటు చూసినాడు. ఎవురూ లేరు. సీటు మాత్రం తడిసి ఉండాది.

మరుసటి దినం ఎండలో పెట్టినారు. ఆరలేదు. పై రెక్సిను మార్చినారు. అదీ తడిసింది. ఇంటి ముందర వ్యాను నిలబెడితే కుక్కలు ఎదురింటి అరుగు మీదికి పోయి పడుకునేవి. బావ చుట్టు తిరిగి పెద్ద రోడ్డున పొయ్యేవాడు, ఆ పాలం పక్కకే పోలేదు. అయినా... తోలేటప్పుడు ఎడమ పక్క అద్దం చూసేదానికి ఆయనకు భయం. నిద్దట్లో లేచి కూచొని, “ఇంకా దిగలేదు” అనేవాడు.

ఆ సమయంలోనే కోర్టు సమను వచ్చింది.

తిరుత్తణిలో కోదండరామ నాయుడని వకీలు. మా వాళ్ళకు దూరపు చుట్టం, మామ వరస. బావను, అక్కను కూచోబెట్టి అంతా చెప్పినాడు. నేరం ఒప్పుకుంటున్నానని రాసి, జరిమానా పోస్టులోనే పంపించొచ్చు, కోర్టుకు పోయే పనే లేదు. ఎక్కువ మంది చేసేది అదే. కానీ ఒప్పుకుంటే లైసెన్సులో మూడోది ఎక్కుతుంది. లేదంటే నేరుగా పోయి, ఒప్పుకొని, పెండ్లాం బిడ్డలున్నారని చెప్పి దయ చూపమని అడగొచ్చు. దయ చూపినా జరిమానా తగ్గుతుందే గాని ఎక్కించేది ఆగదు. ఇంక మిగిలింది ఎదురు నిలవడం. దానికి గట్టి దారే ఉండాదన్నాడు. వేగంగా పోయినాడని ఒక్క మనిషి కంటితో చూసి చెప్తే చట్టం ఒప్పదు. దూరం కొలిచి గడియారం పెట్టి చూసుండాల, లేదంటే ఇంకో సాక్షి ఉండాల. ఆ ఏట్టయ్య దగ్గర గడియారమూ లేదు, రెండో మనిషీ లేడు.

అప్పుడు బావ ఎందుకు వేగంగా పోయినాడో చెప్పినాడు. అంతా విని వకీలు కలానికి మూత పెట్టినాడు.

“ఆ మాట కోర్టులో చెప్పబాకు,” అన్నాడు. “భయపడి తొక్కినానంటే, తొక్కినానని ఒప్పుకున్నట్టే. మెల్లగానే పోయినానని చెప్పు.”

బావ మొగం పాలిపోయింది. మెల్లగా పోయినానని చెప్పడమంటే... పాలం మీద నిదానించినానని, అది ఎక్కిందని అందరి ముందరా ఒప్పుకోవడమే గదా. అంతవరకూ ఆయన కలగన్నాననుకోవాలని చూస్తా ఉండాడు.

కోర్టు దినం అక్క కూడా పోయింది. వెనక బెంచీలో కూచుంది. లోపల మాటలన్నీ అరవంలోనే. నేరం ఒప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడిగితే, బావ తల వంచుకొని, మెల్లగానే పోయినాను సార్ అన్నాడు. ఆ మాట అంటా ఉంటే మెడ వెనక చల్లగా తగిలిందంట.

నాగలింగం ఏట్టయ్య నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పినాడు. అబద్ధమాడే మనిషి కాదని చూస్తేనే తెలుస్తుంది అని అక్క అనేది. వకీలు లేచి ఒక్కొక్కటే అడిగినాడు. దూరం కొలిచినారా? లేదు. గడియారం చూసినారా? లేదు. అయితే వేగమని మీ కన్ను తప్ప వేరే ఆధారం లేదు గదా?

ఏట్టయ్య కొంచెం ఆలోచించినాడు.

“ఉండాది సార్. బండిలో ఉన్న ఆమె కూడా చెప్పింది.”

వకీలు ఇంక అడగలేదు. అడిగింది మేజిస్ట్రేటే. ఎవరామె?

ఏట్టయ్య ఉన్నదున్నట్టు చెప్పినాడు. డ్రైవరు పక్క సీటులో కూచొనుండాది. తలనుంచి పాదం దాకా తడిసి ఉండాది. ఒళ్ళో బిడ్డ. బండి చుట్టూ తిరిగి ఆ పక్కకు పోతే, ఆమే పిలిచి మాట్లాడింది. మొగుని మీద ఫిర్యాదు చెప్తోందనుకొని నవ్వుకున్నాడంట.

“ఏం చెప్పింది?”

“‘తిరువళ్ళూరు ఆసుపత్రికి పోవాలయ్యా. బిడ్డకు జొరం. ఇంత వేగంగా తోలితే ఉలికిపడుతుంది. మెల్లగా పొమ్మని మీరైనా చెప్పండి’ — అనింది సార్.”

బావకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి టార్చిలైటు ఎడమ పక్కకు పోయి, అక్కడే నిలిచిపోయింది. ఏట్టయ్య గొంతు తగ్గించి ఏదో మాట్లాడినాడు. తనలో తాను గొణుక్కుంటున్నాడని అనుకున్నాడు బావ.

ఆమెను సాక్షిగా ఎందుకు పిలవలేదని మేజిస్ట్రేటు అడిగినాడు. పెండ్లాం గదా, మొగునికి విరుద్ధంగా చెప్పదని వదిలేసినానన్నాడు ఏట్టయ్య. పెండ్లాం వచ్చుంటే లేచి నిలబడమన్నారు.

మా అక్క లేచింది. బెంచీ పట్టుకొని నిలబడింది.

ఏట్టయ్య అక్క వైపు చూసినాడు. చానాసేపు చూసినాడు. “ఈమె కాదు సార్,” అన్నాడు. ఆ తర్వాత బావ మొగం చూసినాడు. అప్పుడే, మొదటిసారి, ఏట్టయ్య కండ్లల్లోకి భయం వచ్చింది.

రెండో సాక్షిని తేలేదు కాబట్టి కేసు నిలవదని కొట్టేసినారు. లైసెన్సు నిలిచింది. బయటికొచ్చినాక వకీలు మొగంలో గెలిచిన సంతోషం లేదు. కాగితాలు చంకలో పెట్టుకొని, “ఇంక ఈ సంగతి ఎవురితోనూ మాట్లాడబాకండి” అని గబగబా పోయినాడు.

వ్యాను వేపచెట్టు నీడలో ఉండాది. ఇద్దరూ దానికి కొంచెం దూరంలోనే నిలబడిపోయినారు. సాయంత్రం పాలకు పోవాల. వ్యాను ఓనరుకు తాళాలు ఇచ్చేస్తానన్నాడు బావ. గెలిచిన లైసెన్సు ఇంట్లో పెట్టుకొని కూలికి పోతానన్నాడు.

అక్క వ్యాను వైపే చూస్తా ఉండాది. వాళ్ళకు మొదట పుట్టిన బిడ్డ జొరంతోనే పోయింది. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఎత్తరు.

“ఆమె మనల్ని పట్టుకోలేదు,” అనింది అక్క. “దించమంటోంది. నువ్వు యాడ దించినావు?”

ఆ సాయంత్రం అక్క కూడా వ్యాను ఎక్కింది. ముందర బెంచీ సీటు. ఎడమ అంచు వదిలి, మధ్యలో బావకు ఆనుకొని కూచుంది. పాలు ఎత్తుకున్నారు. పెద్ద రోడ్డుకు తిప్పబోతే వద్దనింది. ఆమె వచ్చిన దారినే పోదామనింది.

తరైపాలం చేరేసరికి చీకటి. నీళ్ళు తగ్గినాయి. బావ కాలు అలవాటు కొద్దీ తొక్కబోయింది. అక్క ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టింది. మెల్లగా... నడిచే మనిషి కూడా దాటిపోయేంత మెల్లగా దాటినారు. అక్క ఎడమ భుజం మొద్దుబారిపోయింది చలికి. రవిక తడిసి ఒంటికి అంటుకుంది. ఆమె ఆ పక్కకు తిరగలేదు. ఒళ్ళో చేతులు రెండూ గట్టిగా పట్టుకొని ఎదురుగా చూస్తా కూచుంది. పక్కన ఏదో చిన్న ఊపిరి — గురగురమని — ఆగి, మళ్ళీ మొదలై, ఆగి... దారి పొడుగునా వినపడతానే ఉండాది.

గట్టు మలుపు దాటినారు. పూండి ఊరి దీపాలు దాటినారు. వెనక బస్సులు హారను కొట్టినాయి, లారీ వాళ్ళు తిట్టి దాటుకొని పోయినారు. బావ వేగం పెంచలేదు. ఆ ఊపిరి ఆగినప్పుడంతా ఆయన ఊపిరీ ఆగిపోతా ఉండింది.

తిరువళ్ళూరు ఆసుపత్రి ముందర వ్యాను ఆపినాడు. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ తలుపు తెరిచినాడు. తెరిచి, పక్కకు జరిగి నిలబడినాడు. కండ్లు మూసుకున్నాడు.

ఏమీ జరగలేదు. వరండాలో దీపం చుట్టూ పురుగులు తిరగతా ఉండాయి. లోపల ఎవురో దగ్గతా ఉండారు.

అప్పుడు వరండాలోనుంచి ఒక ఆయా దిగి వచ్చింది. వయసైన మనిషి. బావను చూళ్ళేదు. మధ్యలో కూచున్న మా అక్కనూ చూళ్ళేదు. తెరిచిన తలుపు దగ్గరకొచ్చి, ఖాళీ సీటు వైపు రెండు చేతులూ చాపింది.

“ఇట్ల ఇయ్యమ్మా బిడ్డను,” అనింది.

చాపిన చేతులు రెండూ బరువుకు కొంచెం కిందికి దిగినాయి.

“అయ్యో... ఒళ్ళు కాలిపోతా ఉండాది గదమ్మా,” అంటా, ఆయా లోపలికి తిరిగింది.