ప్రింటర్ ప్లగ్గు

నాలుగోసారి కూడా తెర నల్లగానే ఉంది.

ప్రవళిక కుర్చీని వెనక్కి నెట్టి లేచింది. "నాలుగు తాపలు వండినవ్. ఒక్క తాప గూడ ఉడకలే."

"ఊ" అన్నాడు సాంసన్, తల ఎత్తకుండానే.

ఆ 'ఊ' వింటేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. సూర్యాపేటలో పాత కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు అతనిది. ఇరవై రోజులుగా రోజు విడిచి రోజు బస్సెక్కి మిర్యాలగూడ వస్తున్నాడు. ఇన్ని రోజుల్లో అతని నోటి నుంచి రాలిన మాటలన్నీ ఏరి కుప్పపోసినా ఒక కాంటా చిట్టీ నిండదు.

రామనర్సయ్య సేటు రైస్ మిల్లు గేటు పక్కనే ధర్మకాంటా. వడ్ల ట్రాక్టర్ దాని మీదికి ఎక్కితే, పక్క గదిలో ముప్పై ఏండ్ల నాటి కంప్యూటర్ బరువు చూపిస్తుంది. ప్రింటర్ చిట్టీ కొడుతుంది. ఆ గదికి రాణి ప్రవళిక. యాసంగి కోతలు మొదలయ్యే ముందర ఆ కంప్యూటర్ డిస్కు చచ్చిపోయింది. కాంటాను కలిపే కార్డు పాత మిషన్‌లో తప్ప మరెందులోనూ దూరదు.

ఒక చిన్న మెమరీ కార్డును డిస్కు స్థానంలో పెట్టి, అందులో లైనక్స్ అనే సిస్టమ్ ఎక్కిస్తానన్నాడు సాంసన్. అయితే ఆ మిషన్‌కు ఉన్న జ్ఞాపకశక్తి పిట్టంత. తయారుగా దొరికే కెర్నల్ అందులో పట్టదు. కెర్నల్ అంటే సిస్టమ్‌కు గుండెకాయ. ఏది కావాలో ఏది వద్దో లిస్టులో ఒక్కొక్కటి చెప్పి, ఆ మిషన్ కొలతకు కుట్టించుకోవాలి. ఆ లిస్టు చూస్తే కొత్త కోడలి అత్తగారు గుర్తొస్తారు. అడిగేదానికి అంతుండదు.

మొదటి రోజు ప్రవళిక అతన్ని "అన్నా" అని పిలిచింది. మూడో రాకకు ఆ మాట ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియదు. ఆ రోజే లిస్టు పని పెట్టుకున్నారు. ఆమె చదవాలి, అతను చెప్పాలి, ఆమె టిక్కు పెట్టాలి.

"హామ్ రేడియో?"

"వద్దు."

"జాయ్‌స్టిక్?"

"వద్దు."

అట్లా ఓ వంద వద్దులయ్యాక ఆమెకు విసుగొచ్చింది. "నీకు ఈ లోకంల కావాల్సింది ఏమన్న ఉన్నదా?"

సాంసన్ తల ఎత్తి ఆమె వైపు చూశాడు. కిటికీలోంచి వచ్చే ఎండ ఆమె చెవి కమ్మ మీద పడి, గోడ మీద చిన్న మెరుపై ఆడుతోంది. చాలాసేపు చూసి "ఊ" అన్నాడు. ప్రవళిక తడబడి గబగబా కింది లైన్లు చదివింది. వీజీఏ టెక్స్ట్ కన్సోల్ అంటే వద్దన్నాడు. లైన్ ప్రింటర్ మీద కన్సోల్ అంటే తల ఊపాడు. అతను చెప్పినట్లే ఆమె పెట్టింది.

అప్పటి నుంచి ఇదే తంతు. అతను రావడం, గదిలో పనిచేసే ప్లగ్గులు రెండే కాబట్టి ప్రింటర్‌ది పీకి తన లాప్‌టాప్‌ది పెట్టడం. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది. కెర్నల్ తయారు కావడానికి, ప్రవళిక మాటలో వండడానికి, ఒక పూట. ఎక్కిస్తే నల్లతెర. డిస్కు మీద అనుమానం, కార్డు మీద అనుమానం, చివరికి కరెంటు మీద అనుమానం. లిస్టు మీద మాత్రం అతనికి అనుమానం రాలేదు.

సేటు గడువు పెట్టాడు. శనివారం పొద్దుగూకే లోపు నడిస్తే సరి, లేకుంటే మొత్తం పాతసామాన్లోడికి. కొత్త కాంటా వస్తుంది, దాంతో పాటు కంపెనీ మనిషి వస్తాడు, సాంసన్ రాడు. అది ఒక బాధ. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఆదివారం కోదాడ నుంచి ప్రవళికను చూడటానికి వస్తున్నారు. పిల్లగాడిది మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఆ సంగతి గురువారమే సాంసన్ చెవిలో వేసింది. అందుకూ 'ఊ' అనే అన్నాడు.

ఇవాళ శనివారం. మూడున్నర అయింది. బయట మబ్బు కమ్ముతోంది.

"రేపు కోదాడోళ్లు వస్తుండ్రు" అంది ప్రవళిక.

"చెప్పినవ్ గద."

"చెప్తే ఏమన్నవ్?"

"ఊ అన్న."

"ఊ అంటే ఏంది సాంసన్? రమ్మనా, వద్దనా?"

సాంసన్ చేతిలోని స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ తిప్పాడు. ఆ స్క్రూడ్రైవర్‌కు ఉన్నపాటి తిరుగుడు ఈ మనిషి నాలుకకు ఉంటే ఎంత బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇగ చాలు. నీ సామాను నువ్వు సర్దుకో, నాది నేను సర్దుకుంట." లాప్‌టాప్ ప్లగ్గు లాగి అవతల పడేసింది. ప్రింటర్ ప్లగ్గు కసిగా గుచ్చింది.

ప్రింటర్ ఒకసారి మూలిగింది. ఆ వెంటనే కిర్రు కిర్రుమంటూ కొట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చిట్టీ అడగలేదు. అయినా కాగితం వరుస మీద వరుస బయటికి వస్తూనే ఉంది. సాంసన్ ఒక్క గంతులో వచ్చి కాగితం పట్టుకున్నాడు. మెమరీ ఎంతో అందులో ఉంది. డిస్కు దొరికిందని ఉంది. కాంటా కార్డు పేరు కూడా ఉంది.

ఇరవై రోజుల్లో మొదటిసారి అతను నవ్వాడు.

"సావలే ఇది. నాలుగు తాపలూ మంచిగనే లేసింది. ఏం చెప్పాలన్నా ప్రింటర్‌కే చెప్పాలని పెట్టినం. ప్రింటర్ బందున్నది. వినేటోళ్లు వచ్చేదాక అడుగు ముందుకెయ్యకుంట ఆగింది."

"మరి తెర?"

"తెర మీద అక్షరాలు వద్దన్నం. ఆ వీజీఏ టెక్స్ట్ కన్సోల్ అంటే అదే."

"ఎవలన్నరు?"

"నేనే."

ప్రవళిక నడుముకు చేతులు పెట్టుకుంది. ఎదుటి మనిషి మాట్లాడకపోయినా ఆమె కన్ను మాత్రం ఊరుకోదు. ఆ రోజు ఎండ, ఆ చూపు, ఆ తల ఊపుడు అన్నీ వరుసగా గుర్తొచ్చాయి.

"ఇంత తెలిసినోనివి, తెరనే వద్దంటవా? నువ్వు ఆ రోజు లిస్టు సూడలే."

"సూడలే."

"మరేం సూసినవ్?"

సరిగ్గా అప్పుడే ప్రింటర్ ఆగింది. తప్పించుకోవడానికి అతనికి ఏ చప్పుడూ మిగల్లేదు.

"నిన్ను" అన్నాడు సాంసన్. "ఇయ్యాల్టి దాక అదే పని."

కోపంగా చూద్దామనుకుంది. మొహం మాట వినలేదు. "ఈ ముక్కకు ఇరవై రోజులా? నాకు చెప్తే అయిపాయెనా? చెప్పాల్సినాయన గాడున్నడు" అంటూ కిటికీ వైపు చూపించింది.

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె నాయిన పిచ్చయ్య, ఆ మిల్లు హమాలీల మేస్త్రీ, వడ్ల రాశుల మీద పట్టాలు కప్పిస్తున్నాడు. వాన జోరందుకోగానే తలకు చుట్టిన తువ్వాల పిండుకుంటూ గదిలోకి వచ్చాడు.

సాంసన్ లేచి నిలబడ్డాడు.

"మామా" అన్నాడు. అని ఆగిపోయాడు.

పిచ్చయ్య తీరిగ్గా మొహం తుడుచుకున్నాడు. "మిల్లుల పోరగాండ్లందరు నన్ను కాకా అంటరు, చిన్నాయన లెక్క. నువ్వొక్కనివే ఏమీ పిలవకుంట తిరుగుతున్నవ్. నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఇంకేమన్న ఉన్నదా?"

"ఊ..."

ప్రవళిక ఒక్క చూపు చూసింది. ఆ 'ఊ' సగంలోనే చచ్చింది.

"ఉన్నది మామా. రేపు మా అమ్మను తోల్కొని మీ ఇంటికొస్త. కోదాడోళ్లకు జర ఫోన్ చేసి రావొద్దని చెప్పుండ్రి."

అతను అంత పొడుగు మాట మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. పిచ్చయ్య కూతురి మొహంలోకి చూశాడు. అక్కడ చదవాల్సింది చదువుకున్నాడు. తువ్వాల భుజాన వేసుకుంటూ, "కోదాడోళ్ల సంగతి నేను సూసుకుంట. ముందుగాల కాంటా సంగతి చెప్పు, సేటు అడుగుతుండు" అన్నాడు.

"నడుస్తది నాయినా" అంది ప్రవళిక. "తెర కోసం ఇంకొక్క తాప వండాలె. సేటును వచ్చి కాగితం సూసుకోమను."

ఆయన వానలోకే వెళ్లిపోయాడు. మిల్లు ఆఫీసు నుంచి ఆమె ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చింది. అది ఇరవై రోజులుగా అక్కడే ఉంది, అడిగినవాళ్లు లేరు. ప్లగ్గులన్నీ పెట్టి, లాప్‌టాప్‌లో మళ్లీ లిస్టు తెరిచింది.

"వీజీఏ టెక్స్ట్ కన్సోల్?"

"కావాలె."

"లిస్టు సూసే చెప్తున్నవా?"

"లేదు."

ప్రవళిక ఇక అతన్ని ఏమీ అడగలేదు. లైను రెండుసార్లు చదివి, తనే టిక్కు పెట్టింది.