పట్టినా అన్నవాడు

“దిగప్పా మద్దిలేటీ, తాడు నేను పట్టినా.”

నంద్యాల్లో కుటుంబాలకు కొండ నడకలు ఏర్పాటు చేసే కరుణాకర్ ఈ మాట అన్నది 2005 మే నెలలో. ఆళ్లగడ్డ దాటాక, నల్లమలలో, ఒక వాగు పక్కనున్న బండ మీద. తాటిచెట్టంత ఎత్తు బండ. కింద రాళ్లు, నీళ్లు. ఆ బండ చీలికలో ఒక రంగులేసిన డబ్బా పెట్టాలి. పిల్లలు జీపీఎస్ యంత్రం చేతబట్టుకుని, అది చూపిన దిక్కుకు నడిచి, దాచిన డబ్బాను కనిపెట్టే ఆట.

మద్దిలేటి చెంచు. తేనె కోసం అలాంటి బండలెన్నో దిగినవాడు. కానీ తేనెకు దిగేవాడి తాడు పెళ్లాం తమ్ముడే పట్టాలి. సొంత అన్నదమ్ములకు కూడా ఇవ్వరు. బావమరిది ‘పట్టినా’ అన్నాడంటే, దిగినవాడు పైకొచ్చి ‘ఎక్కినా’ అనేదాకా వదలకూడదు. ఆ రోజు బావమరిది రాము జ్వరంతో గూడెంలో పడుకున్నాడు.

“ఈ పొద్దుకు నేనే నీ బామ్మర్దిననుకో,” అని నవ్వాడు కరుణాకర్.

మద్దిలేటి దిగుతుంటే, కింద వాగులో కడవ ముంచుతున్న మద్దిలేటి భార్య బయ్యమ్మ తలెత్తి చూసింది. పైన ఎవరో ఫొటోకు పిలిచారు. కరుణాకర్ అటు తిరిగి జుట్టు సవరించుకున్నాడు. రెండు చేతులతో.

మద్దిలేటి తాగి పడి చచ్చాడని పోలీసులు రాసుకున్నారు. శ్రమజీవి చావుకు ఈ వ్యవస్థ దగ్గర ఎప్పుడూ ఒకటే కారణం ఉంటుంది. బయ్యమ్మ ఏం చూసిందో వాళ్లెవరూ అడగలేదు; నేనడిగితే చెప్పింది.

ఏడాది తిరిగాక కరుణాకర్ అదే వాగు వెంట మళ్లీ నడక పెట్టాడు. ‘అడవి అడవిబిడ్డలదే’ అని గోడల మీద రాసీ రాసీ విసిగినవాణ్ణి నేను. ఈసారి అతన్ని అందరి ముందూ నిలదీయాలని నేనూ పేరిచ్చాను.

మధ్యాహ్నమంతా పిల్లల కేకలు, పులిహోర పొట్లాలు. “దాచిపెట్టిందీ మీరే, వెతికేదీ మీరే,” అని అనసూయమ్మ అనే టీచరమ్మ నవ్వుతోంది. “మా ఇంట్లో తాళంచెవులకు రోజూ ఇదే ఆట. దానికి ఈడిదాకా రావాల్నా అప్పా?”

డబ్బాను ఈసారి దారి పక్క మద్దిచెట్టు వేళ్ల కింద దాచారు. యంత్రం కరుణాకర్ కూతురు కీర్తన చేతిలో ఉంది. చెట్టు దగ్గరికి రాగానే బాణం గుర్తు పక్కకు తిరిగింది.

“నాయనా, ఇది ఆడికి చూపిస్తాంది.”

బండ వైపు.

“చెట్ల కింద అది సరిగా పనిచేయదు. ఇట్ల రా!” అంటుండగానే పిల్ల పరుగెత్తింది. వెనకే మేమంతా.

పొద్దు కొండ చాటుకు పోయింది. కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కింద నీళ్ల చప్పుడు మాత్రం మిగిలింది. అప్పుడొచ్చింది వాసన... పచ్చి ఆకులు కాల్చిన పొగ, దానిలో కొండతేనె తీపి. ఎక్కడా నిప్పు లేదు.

బండ మీద నారతాడు పడి ఉంది. ఒక కొస మా కాళ్ల దగ్గర. రెండోది అంచు దాటి కిందికి.

కిందనుంచి, నెమ్మదిగా...

“బామ్మర్దీ... పట్టినావా?”

అనసూయమ్మ నవ్వు ఆగింది.

“పలుకు,” అని కరుణాకర్ చెవిలో అన్నాను. “నిన్నే.”

“ఎవరో... ఆటలాడతాండారు...”

కీర్తన కూడా ఆటే అనుకుంది. వంగి తాడు అందుకుంది.

“పట్టి—”

“వద్దు!” కరుణాకర్ దూకి తాడు లాక్కున్నాడు. “నేను... నేనే పట్టినా!”

తాడు బిగిసింది.

అంచు నుంచి తొంగి చూశాను. తాడు నిలువుగా సాగి ఉంది. కొసన ఎవరూ లేరు. అయినా ఊగుతోంది... ఎవరో పాదాలతో బండను తన్ని ఊగినట్టు.

నలుగురం లాగినా రాలేదు. అతని పిడికిళ్లు విప్పబోయాం, విడలేదు. “కొయ్యన్నా... కొయ్యి...” అని ఏడ్చాడు. కత్తితో కోశాను. తాడు కిందికి జారిపోయింది. పడిన చప్పుడు రాలేదు.

పిడికిళ్లు తెరుచుకోలేదు.

నరాల జబ్బన్నారు నంద్యాల డాక్టర్లు. పొద్దు వాలితే అతని రెండు చేతులూ ఏదో బరువు లాగినట్టు ముందుకు సాగుతాయి, భుజాలు విరిగేటట్టు. నేను గూడేనికి వెళ్లాను. బయ్యమ్మ చింతపండు గింజ తీస్తోంది. తల ఎత్తలేదు.

“‘ఎక్కినా’ అనేదానికి మావాడు లేడు. ఆయప్పే ‘వదిలినా’ అనాల. ఈడకొచ్చి, నా ఎదురుగా.”

“అంటే చేతులు విడతాయామ్మా?”

“నాకేం తెలుసప్పా. నాకా మాట కావాల.”

ఆ కబురు చెబితే కరుణాకర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. “ఆ మాటంటే నా మీద కేసైతాదన్నా.”

అందుకే ఇది నలుగురూ చదివేలా రాస్తున్నాను. కరుణాకర్, నువ్వు గోడ వైపు తిరిగాక నీ కూతురు నాకు నీళ్లిచ్చింది. ఎడమచేత్తో. కుడిచెయ్యి గౌను వెనక దాచుకుంది. బుజ్జగించి ముందుకు తీయించాను. పిల్ల ఆ రోజు అన్నది సగం మాటే కదా... చిటికెనవేలూ, ఉంగరంవేలూ మాత్రమే ముడుచుకున్నాయి. విప్పబోతే విడలేదు. వాటి సందులో ఒక నారపోగు, తడిగా.

నిన్న నడిమివేలు కూడా వంగుతోందని మీ ఇంటావిడ చెప్పింది.

2006 జూన్ పదిహేను లోపల బయ్యమ్మ ఎదుటికి పోయి ఆ మాట చెప్పు.