అరవై నాలుగు గళ్ల ముసుగు

ఇప్పటి పటాలన్నీ పరిచి వెతికినా మీకు దొరకదు గానీ, మువ్వలకొండ అనే రాజ్యం ఒకటి ఉండేది. అక్కడ ప్రతి ఇంటి చూరుకీ ఒక కంచుగంట వేలాడేది. దాని మీద నాలుగు అంకెలు చెక్కి ఉండేవి. మొదటి మూడూ ఊరివి, నాలుగోది ఇంటిది. ఆ అంకెలు పలికి మాట చెబితే చాలు. తీగా అక్కర్లేదు, తాడూ అక్కర్లేదు. గాలే ఆ మాటను మోసుకెళ్లి సరిగ్గా ఆ ఇంటి గంటలోనే వినిపించేది. రాజుగారు యుద్ధవార్త పంపినా, పక్కవీధి అత్తగారు చారెడు ఉప్పు అడిగినా అంతా గాలి మీదే.

ఆ రాజ్యంలో ఏ ఊరికి వెళ్లినా నాలుగో అంకె సున్నతో మొదలై రెండు వందల యాభై ఐదుతో ముగిసేది. సున్న ఏ ఇంటికీ ఇవ్వరు, అది ఊరి పేరు కింద లెక్క. చివరిదీ ఎవరికీ ఇవ్వరు. దాన్ని పలికితే ఊళ్లోని గంటలన్నీ ఒక్కసారే మోగుతాయి. పాలు తాగే పసివాళ్లకు తప్ప అందరికీ తెలిసిన సంగతే ఇది.

ఇంత చక్కని రాజ్యానికి ధూమ్రకర్ణుడనే రాక్షసుడి వల్ల కష్టం వచ్చింది. వాడికి చేటలంత చెవులు. వాటికి తగిన కంచు పోగులు చేయించుకోవాలని వాడికి ముచ్చట పుట్టింది. రాక్షసుడి ముచ్చట కదా, ఊరికే పోతుందా? రాజ్యంలోని అరవై మంది కంచరులనూ ఎత్తుకుపోయి, మంచు అడవిలో ఒక మాయానగరం కట్టి, ఇంటికొకరిని కూర్చోబెట్టాడు. బాగుచేసేవాళ్లు లేక రాజ్యంలో గంటలు ఒక్కొక్కటే మూగబోసాగాయి.

ఎత్తుకుపోయిన వాళ్లలో పైడమ్మ తండ్రి మల్లాచారి కూడా ఉన్నాడు. పైడమ్మకు పదిహేనేళ్లు, తల్లి లేదు. ఆ పిల్లకు నడకా, మాటా, కంచు కరిగించడం, అన్నీ ఆ తండ్రే నేర్పాడు. ఒకరోజు ఇంట్లో గంట గుసగుసగా పలికింది.

"పైడీ, పది, నాలుగు, ఏడు, డెబ్బై ఏడు... ఇక్కడ నేనొక్కడినే ఉన్నానే..." అని తండ్రి గొంతు వినిపించి ఆగిపోయింది.

పైడమ్మ ఆ గంటను ఊడదీసి నడుముకు కట్టుకుని అడవిదారి పట్టింది. అంతకుముందే సేనాపతితో సహా ముగ్గురు వీరులు గుర్రాలెక్కి వెళ్లి, గొంతులు పోగొట్టుకుని వచ్చారు. వాళ్లు చేతులు ఊపి వద్దు వద్దంటున్నా ఆమె వినలేదు.

అడవి మొదట్లో ఒక ముని పుట్టతేనె నాకుతూ కూర్చుని ఉన్నాడు.

"తాతా, మా నాన్నని తెచ్చుకోడానికెళ్తన్నాను. ఆ మాయ ఎలగ విరుగుద్దో చెప్పవా?" అంది పైడమ్మ.

"అరవై మందీ ఒకే క్షణాన గడప దాటాలి తల్లీ. ఒక్కడిని పిలిస్తే రాక్షసుడు ఆ గంట విని ఒక్క గెంతులో అక్కడ వాలతాడు. అరవై గంటలూ ఒకేసారి మోగితే ఎటని గెంతుతాడు?"

"అయితే ఊరందరి అంకె పలికితే చాలుగా? రెండు వందల యాభై ఐదు!"

ముని తేనెవేలు ఆడించాడు. "ఆ ముగ్గురూ పలికింది అదే. అది మీ ఊళ్ల లెక్క. ఊరి హద్దు దాటిన పిలుపు తిన్నగా రాక్షసుడి చెవిలో పడుతుంది. పిలిచినవాడి గొంతు వాడి సొత్తవుతుంది. ఆ నగరం అంకెలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ముందు తెలుసుకో. ఒక ఇంటి అంకె నీ దగ్గరుంది. ఇక కావలసింది ఊరి అంకెలు కొలిచే ముసుగు. ద్వారం దగ్గర నీకూ ఒక అంకె అడిగి పుచ్చుకుంటే అదీ దొరుకుతుంది."

"ద్వారం ఎటేపు?"

"నీ గంటనడుగు. దగ్గరయ్యేకొద్దీ గట్టిగా హోరెత్తుతుంది."

మంచు కమ్ముకున్న అడవిలో తన చెయ్యి తనకే కనబడలేదు. గంట హోరు వింటూ పైడమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. ఇంతలో ఎడమవైపు నుంచి "పైడీ, ఇటు రావే!" అని అచ్చం తండ్రి గొంతే పిలిచింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పది అడుగులు పరుగెత్తేసరికి నడుముకున్న గంట నీరసపడింది. పైడమ్మ ఆగింది. వెనక నుంచి ఆ గొంతు ఏడుస్తూ బతిమాలుతోంది. మాయ అని తెలిసినా ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెవులు మూసుకుని, గంట వణుకును అరచేతితో తడిమి చూసుకుంటూ కుడికి తిరిగింది. కాసేపటికి గంట నడుము అదిరేలా హోరెత్తింది. ఎదురుగా ద్వారం, దానికడ్డంగా కునుకుతీస్తూ కొండంత ఎలుగుబంటి!

"ఎవురది? కత్తా, ఈటా?" అని అది ఒక కన్ను తెరిచింది.

"అవేటీ లేవు మామా. నాకో అంకె ఇప్పిస్తావా?"

ఎలుగుబంటి రెండో కన్నూ తెరిచింది. దానికి సంతోషం పట్టలేదు. "అడిగినోళ్లకి అంకె ఇవ్వడమే నా పని. ఇన్నాళ్లూ ఒక్కడూ అడగనేదు, అందరూ పొడిసేవోళ్లే! ద్వారపాలకుణ్ని కాబట్టి అరవై ఐదు నాది. కంచరులు అరవై మంది. మిగిలింది ఒక్కటే, తొంభై. తీసుకో. ఇంక నువ్వూ ఈ ఊరిదానివే. ఇదిగో, దాంతోపాటు ముసుగు."

అది అరవై నాలుగు గళ్లున్న పట్టుగుడ్డ. పైడమ్మ తల గోక్కుంది. "గళ్లు అరవై నాలుగంటే నగరానికి అంకెలు కూడా అరవై నాలుగే! నాన్నది డెబ్బై ఏడు. అక్కడి నించి లెక్కెడితే నూట నలభై దాకా."

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ నాన్న ఇంటి కాడ ఊరు మొదలవుద్దేటే? ఎప్పుడూ సున్న నించే పరవాల!"

పైడమ్మ నేల మీద ముసుగు పరిచింది. గడికో అంకె చొప్పున సున్న నుంచి అరవై మూడు దాకా వచ్చాయి. అందులో తండ్రి అంకె లేదు. గుడ్డ జరిపి పక్కనే పరిచింది. అరవై నాలుగు నుంచి నూట ఇరవై ఏడు దాకా. డెబ్బై ఏడు అందులోనే ఉంది, తన తొంభై కూడా, మామ అరవై ఐదు కూడా!

"అరవై నాలుగు ఊరి పేరు. నూట ఇరవై ఏడు అందరి పిలుపు!" అని ఎగిరి గంతేసింది.

"మరి పిలిసి ఏటి సెప్తావు? పారిపొండి అంటే సగం మంది ఎందుకని అడుగుతారు. ఆమాత్రం ఆలస్యం సాలు వాడికి."

పైడమ్మకూ అదే భయం. తప్పితే తన గొంతు పోవడమే కాదు, నాన్న ఇక ఎప్పటికీ రాడు. ఊరంతటినీ ఎందుకని అడగకుండా లేపే మాట ఏముంటుంది? ఆలోచించి, గంటను నోటి దగ్గర పెట్టుకుని, గట్టిగా పలికింది.

"పది, నాలుగు, ఏడు, నూట ఇరవై ఏడు! అన్నాలు వడ్డించేశాం, పులుసు చల్లారిపోతోంది, లేచి రండి!"

అరవై ఇళ్లలో అరవై గంటలు ఒక్కసారే మోగాయి. ఎన్నాళ్లుగానో వేడి అన్నం ఎరగని అరవై మంది కంచరులు సుత్తులు పారేసి ఒక్క ఉదుటున గడప దాటారు. ధూమ్రకర్ణుడు ఏ గంటకేసి గెంతాలో తెలియక అటూ ఇటూ తిరిగి తిరిగి, పొగయి గాలిలో కలిసిపోయాడు. మంచు విడిపోయి ఎండ కాసింది.

కంచరులు ఒకరినొకరు చూసుకుని నోళ్లు తెరిచారు. అయిదడుగుల దూరంలో పొరుగువాడున్నా, ప్రతివాడూ తానొక్కడినే అనుకుంటూ ఇన్నాళ్లూ గడిపాడు. అదీ ఆ మాయ.

"పులుసేదే?" అన్నాడు మల్లాచారి, కూతుర్ని రెండు చేతులా పొదువుకుని ఏడుస్తూ.

"ఇంకా పొయ్యి మీద కూడా పెట్టనేదు నాన్నా!" అంది పైడమ్మ. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఆ సాయంత్రం ఎలుగుబంటి మామే కట్టెలు మోసుకొచ్చాడు.

వీరుల గొంతులు తిరిగొచ్చాయి. సేనాపతి నాలుగు రోజులు ఆపకుండా మాట్లాడితే అందరూ ఓపిగ్గా విన్నారు. రాజ్యంలో గంటలన్నీ మళ్లీ పలికాయి. రాజుగారు పైడమ్మను ఆ నగరానికే రాణిని చేశారు. పట్టాభిషేకం నాడు మంత్రి వంగి వంగి దండాలు పెట్టి, "రాణిగారి ఇంటికి నూట ఇరవై ఏడో అంకె వేయిస్తాం. అంతకన్నా గొప్పది లేదు" అన్నాడు.

"వద్దు బాబూ. అది నేను పుచ్చుకుంటే అందరినీ ఒక్కసారి పిలవడానికి ఏటి మిగుల్తాది? నాకు తొంభై సాలు, మామ ఇచ్చింది" అంది పైడమ్మ రాణి.

నూట ఇరవై ఏడును ఎవరి ఇంటికీ ఇవ్వలేదు. రోజూ మధ్యాహ్నం రాణిగారే దాన్ని పలికి ఊరందరినీ భోజనానికి పిలిచేది. తండ్రీ కూతుళ్లు పదికాలాల పాటు సుఖంగా ఉన్నారు.